బంగ్లాల మీద ఇంటూ గుర్తులు

ముప్పై ఏళ్లు బస్సు డిపోలో గుమాస్తాగా పనిచేసిన మనిషిని నేను. ఏ బస్సు ఎక్కడికి పోతుందో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఈ గొప్ప ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఈ ప్రయాణంలో రెండో రోజే నేను ఎక్కకూడని బస్సు ఎక్కాను. ఆ సంగతి దాచిపెట్టి రాద్దామనే అనుకున్నాను గానీ, మా పెద్దమ్మ ఇప్పటికే వీధంతా చాటింపు వేసేసింది.

మదనపల్లె: మంచం కింద పెట్టె

మా పెద్దమ్మ నాగరత్నమ్మకు ఎనభై నాలుగేళ్లు. కూతురి ఇంట్లో ముందు గదిలో ఆమె మంచం, ఆ మంచం కింద ఒక రేకుపెట్టె. పెట్టెలో పాత చీరల అడుగున మా తాత రెడ్డెప్ప ఫోటో బోర్లా పడి ఉంటుంది. ఆ గది గోడల మీద దేవుళ్లున్నారు, చుట్టాలున్నారు, ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్లో ఒక ఆవు కూడా ఉంది. కన్నతండ్రికి మాత్రం చోటు లేదు.

దీనికంతటికీ కారణం తొమ్మిది బొమ్మకార్డులు. తాత కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడు. అవ్వ, ఇద్దరు కూతుళ్లు ఊళ్లో ఉండేవాళ్లు. అప్పుడప్పుడూ ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చేది. ఒకవైపు రంగులద్దిన ఫోటో: తెల్లదొర బంగ్లా, క్లబ్బు, ఆసుపత్రి, చర్చి, టెన్నిస్ ఆడే మైదానం. ప్రతి బొమ్మ మీదా నల్ల సిరాతో ఒక ఇంటూ గుర్తు. రెండోవైపు ఎప్పుడూ అవే మాటలు: "నేను క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. లక్కూరు మునివెంకటప్ప, టేకల్ చిన్నప్పయ్య కూడా క్షేమం. పెద్దపిల్లను బడి మానిపించవద్దు." ఆ గుర్తేమిటో ఒక్క ముక్క ఉండేది కాదు.

ముక్క లేకపోతేనేం, మా అవ్వ ఉంది కదా. గుర్తు ఎక్కడుంటే మొగుడు అక్కడ కాపురం ఉంటున్నాడని తేల్చేసింది. బంగ్లా కార్డు వచ్చినప్పుడు మురిసిపోయింది. క్లబ్బు కార్డుకు మొహం మాడ్చుకుంది. ఆసుపత్రి కార్డు చూసి ఒక నర్సును కనిపెట్టింది. చర్చి కార్డు వచ్చిన రోజు, మతం మారిపోయాడని పొయ్యి వెలిగించలేదు. టెన్నిస్ మైదానం చూసి, "నేల మీద వల కట్టుకోని ఏం చేపలు పడతా ఉండాడో!" అని ఇంటింటికీ తిరిగి అడిగింది. చివరికి ఓపిక చచ్చిపోయి, మనం ఇక్కడ సంకటి తింటుంటే ఈయన అక్కడ కులుకుతున్నాడని, పదేళ్ల పెద్దమ్మను కూర్చోబెట్టి ఒక జవాబు రాయించింది. ఆ జవాబు పోస్టు చేసిన నెలలోపే, జ్వరం వచ్చి తాత పోయాడని కబురు వచ్చింది.

"అమ్మ చెప్పింది గానీ, రాసింది నా చెయ్యి గదే సరోజా," అంది పెద్దమ్మ ఒకరోజు నాతో, ఉన్నట్టుండి. "నువ్వు రిటైరై ఊరికే ఉండావు గదా. పోయి కనుక్కోని రా. మా నాయన ఆ బంగ్లాల్లో ఏం జేస్తా ఉండినాడు? నా కార్డు ఆయప్పకు చేరిందా లేదా? దొరసానిని పెట్టుకోని ఉండినా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ ఫోటో యాడ పెట్టాల్నో అప్పుడు చూసుకుంటా."

డెబ్బై నాలుగేళ్లుగా అది కోపమని అనుకున్నాం మేమంతా. కోపం కాదు, భయం. తన కార్డు చదివినందుకే తండ్రి మంచం పట్టాడేమో అన్న భయం. నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. తొమ్మిది కార్డులూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మర్నాడే బస్సెక్కాను.

కోలారు: నమలకూడని ముద్ద

శ్రీనివాసపురం దాటేదాకా రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలే. పూత పట్టిన చెట్లను చూస్తూ కోలారు చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండు దగ్గర ఒక మెస్సులో కూర్చున్నాను. మా వైపు సంకటిలో బియ్యం పడుతుంది, నమిలి తింటాం. ఇక్కడి ముద్ద అచ్చంగా రాగిపిండే. నేను అలవాటు కొద్దీ నములుతుంటే, వడ్డించే ఆయన గరిటె పట్టుకుని నా ముందే నిలబడిపోయాడు.

"నమలద్దమ్మా, మింగాల! పులుసులో ముంచి సుమ్నే, ఊరికే అట్ల మింగేయాల!"

పక్క బల్ల మీది పెద్దమనిషి ఎలా మింగాలో చేసి చూపించాడు. ఆయన గొంతులో ముద్ద దిగుతుంటే పైనుంచి కిందిదాకా కనిపించింది. నేను ప్రయత్నించాను. ముద్ద సగందాకా పోయి ఆగింది, ఇద్దరు వీపు మీద చరిచారు. మొత్తానికి డెబ్బై రూపాయలకు ముద్ద, అన్నం, మజ్జిగ, వీపు మీద దెబ్బలు అన్నీ వచ్చాయి.

కార్డులు తీసి చూపించాను. క్లబ్బు బొమ్మ చూసి వడ్డించే ఆయన, అది తన మేనమామ పెళ్లి జరిగిన కల్యాణ మండపమని గట్టిగా చెప్పాడు. ముద్ద మింగి చూపించిన పెద్దమనిషేమో, కాదు, అది తాలూకా ఆఫీసన్నాడు. ఇద్దరూ కేకలేసుకుంటుంటే నేను కార్డు లాక్కుని బయటపడ్డాను.

నరసాపురం: ఎక్కకూడని బస్సు

తాతను గురించి తెలిసిన వాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి, కార్డుల్లో ఉన్న రెండు పేర్ల వెంట పడదామన్నది నా ఆలోచన. ముందు లక్కూరు, తర్వాత టేకల్. మాలూరు బస్సు కోసం మర్నాడు పొద్దున్నే నరసాపురం దగ్గర దిగాను. అక్కడొక తళతళలాడే బస్సు ఆగి ఉంది. జనం వరుసలో నిలబడి ఎక్కుతున్నారు. నా సర్వీసు మొత్తంలో బస్సు ఎక్కడానికి వరుసలో నిలబడిన జనాన్ని చూడలేదు. ఆ ముచ్చటలో బోర్డు చూడకుండా నేనూ వరుసలో నిలబడి ఎక్కేశాను.

రెండు నిమిషాల్లో అందరూ నిద్రపోయారు. కండక్టరు లేడు. టికెట్టు ఎవరిస్తారని అడిగితే ఒక్కరూ కళ్లు తెరవలేదు. బస్సు మాలూరు దారి వదిలి రెండు చక్రాల బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీ గేటు ముందు ఆగింది. సెక్యూరిటీ మనిషి ఒక్కొక్కరి కార్డూ చూసి లోపలికి పంపుతున్నాడు. నా వంతు వచ్చింది. "కార్డు?" అన్నాడు. ఏం చెయ్యాలో తోచక చేతిలో ఉన్న కార్డే ఇచ్చాను. ఆయన దొర బంగ్లాను బాగా చూసి, వెనక్కి తిప్పి తాత మాటలన్నీ పెదాలు కదుపుతూ చదివి, మళ్లీ తిప్పాడు.

"ఇందులో మీ ఫోటో యాడుండాదమ్మా?"

నన్ను కాపాడింది పద్మ అనే అమ్మాయి. శ్రీకాకుళం పిల్ల, షిఫ్టు దిగి గదికి పోతోంది. తిరుగు బస్సులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎక్కే ముందు ఫ్యాక్టరీ అద్దాల ఆఫీసు ముందర నిలబడి ఫోన్లో తన ఫోటో తీసుకుంది.

"వారానికోటి అమ్మకి పంపుతానండి. నేనుండే రూము సూపిత్తే ఏడుత్తాది. ఆరుగురం ఉంటాం. అందుకని ఈ అద్దాల బిల్డింగు సూపిత్తాను."

నాకు టక్కున వెలిగింది. తాత చేసింది కూడా ఇదే అయ్యుంటుంది! ఏదో గుడిసెలో ఉంటూ, ఇంట్లోవాళ్లు ఏడవకూడదని బంగ్లాల మీద గుర్తులు పెట్టి పంపాడు. ఎంత మంచివాడు, పాపం, ఎంత అబద్ధాలకోరు అనుకున్నాను. వచ్చిన పని అయిపోయిందని ఇంటికి తిరిగి పోదామనిపించింది కూడా. కానీ పెద్దమ్మ అడిగింది నా ఊహలు కాదు. కార్డు చేరిందా లేదా అన్నది పద్మ ఫోటోలో లేదు.

లక్కూరు: ఆరుగురు మునివెంకటప్పలు

మాలూరులో పెంకుల బట్టీలు, గులాబీ బుట్టలు దాటుకుని లక్కూరు చేరాను. టీ అంగట్లో, మునివెంకటప్పగారి ఇల్లెక్కడ అని అడిగాను. పది నిమిషాల్లో ఆరుగురు మునివెంకటప్పలు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. ఒకాయన మోపెడ్ మీద వచ్చాడు, ఒకాయన సగం గడ్డం గీయించుకుని సబ్బు నురగతోనే వచ్చాడు. ఆరో మునివెంకటప్పకు మూడేళ్లు, వాళ్లమ్మ చంకలో ఉన్నాడు.

"నాకు కావలసింది చచ్చిపోయిన మునివెంకటప్ప అండీ," అన్నాను.

అందరి మొహాలూ చిన్నబోయాయి. సబ్బు నురగ ఆయన ఆలోచించి, "సచ్చిపోయినోళ్లయితే ఇంగా తొమ్మిదిమంది ఉండారు. యారు కావాల?" అన్నాడు.

తల ప్రాణం తోకకొచ్చి, క్లబ్బు కార్డు తీసి వాళ్ల చేతిలో పెట్టాను. ఒక్కసారిగా అందరూ అరిచారు.

"ఇది మన రామకృష్ణప్ప ఇల్లు గదా!"

నన్ను ఊరేగింపుగా తీసుకుపోయారు. ఊరి చివర అవరె చేల మధ్య, కార్డులో ఉన్న క్లబ్బు నిలబడి ఉంది. అవే అయిదు కమానులు, అదే వరండా, అదే పొగగొట్టం. నేను నోరెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాను. ఆ ఇంటాయన రామకృష్ణప్పకు అరవై ఏళ్లు ఉంటాయి. కూరగాయల రైతు. చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"మా తాత మునివెంకటప్ప ఉండిన బంగ్లా అమ్మా ఇది. ఒరిజినల్ గనుల్లో ఉండాది. కార్డు చూపించి మేస్త్రీతో కట్టించినాను."

మూడో కమాను మీద సిమెంటుతో పోసిన పెద్ద ఇంటూ గుర్తు కూడా ఉంది. అది కట్టడంలో భాగం కాదని మేస్త్రీ ఎంత మొత్తుకున్నా ఈయన వినలేదట. ఇంటిని చుట్టి వెనక్కి పోయి చూద్దును కదా, పూత లేదు, కిటికీ లేదు, ఒట్టి ఇటుకలు.

"వెనకవైపు ఎట్లుంటాదో కార్డులో లేదు కదమ్మా," అన్నాడాయన. "నాకు తోచినట్ల కట్టేస్తే తాతకు అపచారం గదా."

పూజగదిలో వెంకటేశ్వరస్వామి పక్కన ఆయన కార్డు ఫ్రేము కట్టి ఉంది. నా కార్డు పక్కన పెట్టి చూశాం. అదే క్లబ్బు, అదే కమాను మీద అదే గుర్తు, అదే చేతిరాత. మాటలు కూడా అవే, ఆఖరి వాక్యం తప్ప. మా కార్డులో పెద్దపిల్ల బడి ఉన్న చోట, వాళ్ల కార్డులో "ఎద్దును అమ్మవద్దు" అని ఉంది. అమ్మలేదు. ఇంటి ముందు ట్రాక్టరు ఉంది, పక్కన పాకలో ఒక ఎద్దూ ఉంది. ఆ ఇంట ఎద్దు పోతే మళ్లీ ఎద్దును తెస్తారు గానీ పాక ఖాళీగా ఉంచరట. దానికి ఏ పనీ లేదు, ఉంటుంది అంతే. తాత మాట మీద ఒక ఇంటి చరిత్ర అలా నడుస్తోంది.

"ఆ కమాను గది మీ తాతదెలా అవుతుంది? మా తాతది," అన్నాను నేను. ఆయనకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఆయన భార్య మా ఇద్దరికీ పితికిపప్పు పులుసు పోసి అన్నం పెట్టేదాకా మేం మాట్లాడుకోలేదు. మా వైపు అనపకాయ అంటాం, ఇక్కడ అవరెకాయ, పితికే కష్టం మాత్రం రెండుచోట్లా ఒకటే. రెండోసారి పులుసు పోయించుకుంటూ, గనులకు పోయి తేల్చుకుందామని ఒప్పందానికి వచ్చాం. ఆయన ఫ్రేమును తువ్వాలులో చుట్టుకుని నాతో బయల్దేరాడు.

టేకల్: తొమ్మిది వరసల గట్టు

టేకల్లో చిన్నప్పయ్య మనవరాలు అనసూయమ్మ సులభంగానే దొరికింది. రిటైరైన టీచరు. ఊళ్లో సగంమందికి ఆమే చదువు చెప్పిందట. గోడ మీద పాత ఫోటోలు చూస్తే, ఆ ఇంట్లో మగాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, అందరూ గుండ్లతోనే ఉన్నారు.

"ఆసుపత్రి కార్డు వచ్చింది గదమ్మా," అందామె. "తాత జబ్బుపడి ఆసుపత్రిలో ఉండాడని మా అవ్వ మొక్కుకునింది. ఇంటిల్లిపాదీ తిరుపతికి పోయి గుండ్లు కొట్టించుకున్నారు. జుట్టు మొలిచేలోపల చర్చి కార్డు వచ్చింది. పూడ్చిపెట్టేదానికి ఎత్తకపోయినారేమో అని మళ్లీ మొక్కు. మా నాయనకు పెండ్లినాటికి కూడా జుట్టు లేదు."

ఇదే చర్చి కార్డు మా అవ్వ పొయ్యి ఆర్పించింది! అవే బొమ్మలు మూడు ఊళ్లకు వచ్చి, ఒక ఊళ్లో తగాదా, ఒక ఊళ్లో బంగ్లా, ఒక ఊళ్లో గుండ్లు పుట్టించాయి.

వాళ్ల కార్డుల ఆఖరి వాక్యం "బావికి గట్టు కట్టించు" అని. తొమ్మిది కార్డుల్లోనూ అదే మాట. మొదటి కార్డుకే గట్టు కట్టించారు. రెండో కార్డులో మళ్లీ అదే ఉండేసరికి, ఎత్తు చాల్లేదేమో అని ఇంకో వరస రాళ్లు పేర్చారు. పెరట్లోకి తీసుకుపోయి చూపించింది. గట్టు నా నెత్తి మీదికి ఉంది. లోపల నీళ్లున్నాయో లేవో ఎవరూ చూడలేదు.

"నిచ్చెన వేసి చూడొచ్చు గదా," అన్నాను.

"కార్డులో నిచ్చెన సంగతి లేదమ్మా," అన్నాడు రామకృష్ణప్ప నా వెనకనుంచి, చాలా మెచ్చుకోలుగా.

అనసూయమ్మకు ఒక సంగతి తెలుసు. ముగ్గురికీ కార్డులు రాసిపెట్టింది గనుల్లో సర్వేకు కొలత చైను లాగే నారాయణప్ప అనే మనిషి. ఆయన కొడుకు చెంగల్రాయప్ప ఇంకా ఛాంపియన్ రీఫ్స్ లైన్లలోనే ఉన్నాడు. "చెప్పేవాడు ఉంటే ఆయనొక్కడే," అని ఆమె కూడా చెప్పులేసుకుంది.

రైల్లో ముగ్గురు వారసులు

టేకల్లో రైలెక్కి బంగారుపేట మీదుగా గనుల దాకా, మేం ముగ్గురం ఒక బంగ్లా కోసం పోట్లాడుకుంటూనే ఉన్నాం. పెట్టెలో అందరూ తలా ఒక తీర్పు చెప్పారు. ఒకాయన హాలు నాకు, వంటిల్లు అనసూయమ్మకు, మేడ రామకృష్ణప్పకు పంచాడు. మేడ లేదని రామకృష్ణప్ప ఫ్రేము విప్పి చూపించాడు. వేరుశెనక్కాయలు అమ్మే ఆవిడ బుట్ట దించి, "అమ్మేస్తారా? మా తమ్ముడు బాడిగ ఇల్లు చూస్తా ఉండాడు," అంది.

ఛాంపియన్ రీఫ్స్: బంగ్లా అడుగున

బంగారం తీసేశాక పారబోసిన సైనైడు మట్టి గుట్టలు తెల్లగా, ఎండిపోయి, ఊరికి ప్రహరీల్లా నిలబడి ఉన్నాయి. వాటి కింద వరసగా లైన్లు. కూలీల కోసం కట్టిన ఒంటిగది ఇళ్లను ఇక్కడ లైన్లంటారు. చెంగల్రాయప్ప ఇంటి గుమ్మం తలకు తగిలి నాకు నక్షత్రాలు కనిపించాయి. ఆయనకు ఎనభై దాటాయి, మిట్టమధ్యాహ్నం కూడా కోతి టోపీ తీయలేదు. బన్నులు, టీ తెప్పించాడు. మేం నలుగురం కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. ఎవరి తాత ఏ బంగ్లాలో ఉండేవాడో చెప్పమని మూడు కార్డులూ ఆయన ముందు పరిచాం.

ఆయన చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు.

"బంగ్లాలోనా? మీ తాతలా? అయ్యో రామా! ముగ్గురూ ఇదే రూములో ఉండినారమ్మా. ఈ గోడకు రెడ్డెప్ప తాత, ఆ గోడకు మునివెంకటప్ప తాత, గుమ్మానికి అడ్డం చిన్నప్పయ్య తాత. మా నాయనా నేనూ ఈ మూలన. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు."

రామకృష్ణప్ప ఫ్రేమును గుండెలకు హత్తుకున్నాడు. "మరి గుర్తు?"

"గుర్తా? రాండి చూపిస్తా."

పాడుబడిన క్లబ్బు దాకా నడిపించాడు. కమానుల్లో రెండు కూలిపోయాయి. మూడో కమాను ముందు నిలబడి, కార్డు చూసి, నాలుగడుగులు లెక్కపెట్టుకుంటూ పక్కకు జరిగి కాలితో నేలను తన్నాడు.

"ఈడ. దీనికి నేరుగా అడుగున, మైలుకు పైనే లోతుంటాది, ఆడ ఉండినారు మీ తాతలు. ముగ్గురిదీ ఒకే గ్యాంగు. కింద ఏ తావులో రాయి కొడతారో, దానికి పైన ఏముండాదో కొలిచేది సర్వేవాళ్లు. ప్లాను చూసేది దొర, చైను లాగేది మా నాయన. తావు మారినప్పుడల్లా వీళ్లు వచ్చి అడిగేవాళ్లు, నారాయణప్పా, ఈ పొద్దు మేం యాడుండాం అని. క్లబ్బు కింద ఉండారు పోండి అని మా నాయన చెప్పేవాడు. దొరలు తమ ఊళ్లకు పంపుకునే బొమ్మకార్డుల్లో మరకపడినవి తెచ్చి, గుర్తు పెట్టి రాసిచ్చేవాడు."

"ఎందుకు?" అంది అనసూయమ్మ.

"కింద రాయి పగిలిందంటే, ఎయిర్ బ్లాస్టు అంటాం మేము, ఈ లైన్లల్లో గిన్నెలు దొర్లతాయమ్మా. గిన్నె దొర్లిందంటే ఆడోళ్లు గనిలోకి దిగే షాఫ్టు కాడికి పరిగెత్తతారు. మీ ఊళ్లల్లో గిన్నెలు దొర్లవు గదా. ఏమన్నా అయితే యాడికి వచ్చి అడగాల్నో ఇంట్లోవాళ్లకు తెలియాలని ఈ గుర్తు."

"ఆ మాట కార్డులో ఒక్క ముక్క రాసుంటే ఏం పోయింది!" అన్నాను నేను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయన అమాయకంగా చూశాడు. "గుర్తు అంటే ఏందో లైన్లల్లో చంటిపిల్లోడికి కూడా తెలుసమ్మా. అందరికీ తెలిసింది ఎవురన్నా రాస్తారా?"

టెన్నిస్ మైదానం కింద, చర్చి కింద, ఆసుపత్రి కింద. పైన బంతులాట, పాటలు, మందులు. కింద చీకట్లో మా తాత చెమటలు కక్కుతూ రాయి కొట్టేవాడు. అవ్వ కనిపెట్టిన నర్సు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

"అంటే మా తాతకు ఒక్కనాడూ జబ్బు చెయ్యలేదా?" అంది అనసూయమ్మ జడ పట్టుకుని. "మా నాయన తల ఏడుసార్లు ఊరికే గీకించినారా?" తీర్చేసిన మొక్కును దేవుడి దగ్గర్నుంచి వెనక్కి అడగొచ్చా అని చెంగల్రాయప్పను అడిగింది.

రామకృష్ణప్ప కనిపించలేదు. చూస్తే క్లబ్బు వెనక్కి పోయాడు. అక్కడినుంచి ఒక్క కేక వినిపించింది. ఏమైందోనని పరిగెత్తాం. ఆయన గోడను చేత్తో నిమురుతున్నాడు. పూత లేదు, కిటికీ లేదు, ఒట్టి గోడ.

"చూసినారా! నేను కట్టింది కరెక్టే!" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

లైన్లకు తిరిగొచ్చాక నా అసలు ప్రశ్న అడిగాను. ఇంటినుంచి తాతకు ఒక జవాబు వచ్చిందా? వచ్చి ఉంటే, ఏమన్నాడు? రాలేదంటే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది.

"రాకేమి!" అంటూ చెంగల్రాయప్ప అటక మీదినుంచి ఒక బిస్కెట్ల డబ్బా దించాడు. తండ్రి రాసే పెన్ను, పాత సిరాబుడ్డి, వాటి అడుగున పసుపుపచ్చగా మారిన ఒక కార్డు. గుండ్రటి చిన్నపిల్ల అక్షరాలు. "నాయన గారికి నాగరత్నం నమస్కారాలు. అమ్మ రాయమన్నది. మీరు బంగ్లాలోనే సుఖంగా ఉండండి. డాన్సు ఆడండి. నేల మీద కట్టిన వలలో చేపలు పట్టండి. మేము ఇక్కడ సంకటి తింటాము. ఇంటికి రానక్కరలేదు."

"మా నాయన ఈడనే కూర్చోని చదివినాడు," అన్నాడాయన. "రూము రూమంతా నవ్వు. మీ తాత నేలమీద పడి దొర్లినాడు. నేనే చూసినానమ్మా. 'నా పెండ్లాము ఎంత తమాషా మనిషో చూడండి రా! అడుగున ఉండేవాణ్ణి డాన్సు ఆడమంటాది, టెన్నిస్ వలలో చేపలు పట్టమంటాది!' అని లైన్లన్నీ తిరిగి చెప్పినాడు. చదువు రాదు గదా, కంఠతా పట్టేసినాడు. గనిలోకి దించే కేజీ బోనులో దిగేటప్పుడు అందరికీ వినిపించేవాడంట. జ్వరంలో కూడా, 'ఈ పొద్దు డాన్సుకు రాలేనని చెప్పండి రా' అని నవ్వినాడు. ఇంత మంచి కార్డు ఎవురూ రాయలేదని మా నాయన దాచిపెట్టినాడు."

నేను ఏడ్చాను. పరాయి ఇంట్లో, ముగ్గురి ముందు, చేతిలో సగం తిన్న బన్నుతో, ఆపుకోలేక ఏడ్చాను. చెంగల్రాయప్ప కంగారుపడి ఇంకో బన్ను ఇచ్చాడు.

మళ్లీ మదనపల్లె

పెద్దమ్మ మంచం మీద కూర్చుని అంతా వింది. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు, నా బస్సు కథ దగ్గర తప్ప. కార్డు చేతికిస్తే కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు చదివింది.

"అప్పుడు ఇంత గుండ్రంగా రాసేదాన్నా?" అంది. కార్డు ఒళ్లో పెట్టుకుని, "నిజంగా నవ్వినాడా?" అంది.

"నవ్వాడు."

"ఎట్ల నవ్వినాడు?"

చెంగల్రాయప్ప నవ్వు నవ్వి చూపించాను. దగ్గు కూడా దగ్గాను. మళ్లీ నవ్వమంది. మూడోసారి నవ్వేటప్పటికి ఆమె కూడా నవ్వింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"అడుగున ఉండింది చాల్లే," అంది. "పైకి తియ్యి."

మంచం కింద దూరి పెట్టె లాగాను. చీరల కిందినుంచి ఫోటో తీసి తుడుస్తుంటే, పెద్దమ్మ తనంతట తానే లేచింది. క్యాలెండర్లోని ఆవును తీసి మంచం మీద పడేసింది. నా బ్యాగులోనుంచి పెన్సిలు తీసుకుని, గోడ మీద తన తలకు పైన, చెయ్యి అందినంత ఎత్తులో, ఒక పెద్ద ఇంటూ గుర్తు పెట్టింది.

"ఈడ," అంది.